కంపౌండరు బాబూ, కడుపు తీపు

మా స్టాఫ్‌రూములో కొత్తగా చేరినవాళ్ళకి ముందుగా చెప్పే సంగతి ఒకటుంది. నేను ఏం చెప్పినా సగానికి సగం కొట్టేసి వినాలని. అందుకే ఈ అరకు ప్రయాణం రాసేముందు ఆ సగం నేనే కొట్టేశాను. మిగిలింది మీరు ధైర్యంగా నమ్మవచ్చు. నమ్మకపోయినా నాకు కొత్తేం కాదు. కొండ మీద నేను నిజం చెప్పినప్పుడు ఎవరూ నమ్మలేదు. అబద్ధం చెప్పినప్పుడల్లా నమ్మారు.

నేను విశాఖపట్నంలో కంప్యూటరు పాఠాలు చెప్పే లెక్చరర్ని. లెక్కలవాళ్ళు నన్ను ఇంజనీరింగు మనిషి అంటారు, ఇంజనీరింగువాళ్ళు లెక్కల మనిషి అంటారు. రెంటికీ చెడ్డ రేవడిలా ఏ డిపార్టుమెంటు టీ పార్టీకీ నాకు పిలుపు రాదు. మా కంప్యూటరుకి ఏసీ గది ఇచ్చారు. నాకివ్వలేదు. దానితో మాట్లాడాలంటే అట్టకార్డులకి చిల్లులు పొడిచి అందించాలి. ఒక చిల్లు అటూ ఇటూ అయిందా, కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది. ఇంటి దగ్గర నేనూ, రేడియో. నా భార్య పోయి ఏళ్ళయింది. రేడియో నాకంటే ఎక్కువ మాట్లాడుతుంది గానీ నేను చెప్పేది వినదు.

నా మాట వినే మనిషి ఊరంతటికీ ఒక్కడుండేవాడు, డాక్టరు పరాంకుశం. నా అబద్ధాలు సగం కొట్టెయ్యమన్న పెద్దమనిషి ఆయనే. ఇద్దరం కలిసి ఒక పని మొదలుపెట్టాం. రోగి చెప్పిన బాధ కార్డు మీద ఎక్కించి లోపలికి పంపితే, కంప్యూటరు ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ జబ్బేమిటో చెప్పాలి. డాక్టర్లు లేని ఊళ్ళకి పనికొస్తుందని ఆయన ఆశ. ప్రశ్నలు ఆయనవి, చిల్లులు నావి.

మా కాలేజీ పెద్దల ముందు దాన్ని చూపించిన రోజున, ఏజెన్సీ కొండల నుంచి వచ్చిన ఒక ముసలాయన్ని కూర్చోబెట్టి బాధేమిటని అడిగాం. "కాళ్ళు తీపు బాబూ" అన్నాడు. తీపంటే కంప్యూటరుకి మేం నేర్పింది పంచదార సంగతే. కాసేపు టకటకలాడి, చక్కెర జబ్బని అచ్చుకొట్టి ఇచ్చింది. ఆ ముసలాయన మైళ్ళకొద్దీ నడిచి వచ్చాడు. ఆయన కాళ్ళకి కావలసింది కాస్త నూనె, కాస్త విశ్రాంతి. పెద్దలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

పరాంకుశం నవ్వలేదు. "యంత్రం తప్పు వింటే నవ్వుకుంటాం. డాక్టరు తప్పు వింటే మోసుకెళతారు. పద, కొండెక్కి వాళ్ళు బాధల్ని ఏ మాటల్తో చెప్పుకుంటారో విని వద్దాం" అన్నాడు. ఇద్దరికీ బంగళా రాయించాడు. తీరా ప్రయాణం దగ్గరపడ్డాక ఆయనకి కర్నూలు బదిలీ అయింది. వాడని కార్డుల కట్ట ఒకటి సంచిలో వేసుకుని నేనొక్కణ్ణే బయలుదేరాను.

బండిలో

కిరండూలు పోయే పాసింజరులో నా ఎదుటి సీట్లో సింహాచలం కూర్చున్నాడు. విజయనగరం వైపు వర్తకుడు. సంతల్లో ఉప్పు, ఎండుచేపలు అమ్మి, చింతపండు, పిప్పళ్ళు కొనుక్కుపోతాడట. ఆయన పేరు చెప్పకముందే చేపల బుట్ట ఆయన వృత్తి చెప్పేసింది.

"బాబుగోరు ఏటి సేత్తారు?" అన్నాడు.

"కంప్యూటరు లెక్చరర్ని."

"ఏ ఆసుపత్రిలోనండి?"

"ఆసుపత్రి కాదు. గదంత యంత్రం ఉంటుంది. మనిషి బాధేమిటో చెప్తే జబ్బు పేరు చెప్తుంది."

సింహాచలం నన్ను కిందనుంచి మీదికి చూశాడు. "సాల్లెండి బాబూ. కంపౌండరు పనీ మంచిదే. దానికి సిగ్గెందుకు?" అన్నాడు.

శివలింగపురం దాటాక సొరంగాలు మొదలయ్యాయి. వెలుతురు పోయి, వచ్చి, మళ్ళీ పోతుంది. చీకట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు.

"ఈ సొరంగాలు మనుషులు తవ్వినవి కావండోయ్. మన ఇనపరాయి జపాను పోతోంది కదా? బదులుగా వాళ్ళు పందికొక్కుల్ని పంపారు. ఒక్కొక్కటి దూడంత ఉంటుంది. వాటి పనే ఇది."

వెలుతురు వచ్చేసరికి సింహాచలం నోరు తెరుచుకుని ఉన్నాడు. "అదీ సంగతి! అందుకే కన్నం అంత గుండ్రంగా ఉంతాది!"

నేను చెప్పిన యంత్రాన్ని నమ్మని మనిషి నా పందికొక్కుల్ని నమ్మాడు. చెప్పుకుని నవ్వుకోవడానికి పక్కకి తిరిగాను. పరాంకుశం కూర్చోవలసిన చోట చేపల బుట్ట ఉంది.

టైడా

టైడాలో బండి చాలాసేపు ఆగింది. ఎదురుగా గూడ్సు వస్తోందట. దిగి టీ తాగుతుంటే ఒక కోతి కిటికీలోంచి దూరి నా కార్డుల కట్టలోంచి గుప్పెడు లాక్కుపోయింది. స్టేషను రేకుల కప్పు మీద కూర్చుని, ఒక్కొక్కటే కొరికి, చిల్లులు పెట్టి కిందకి వదిలింది. ఏరుకున్నాను. మా విద్యార్థులు పొడిచే చిల్లులకంటే చక్కగానే ఉన్నాయి. అందులో ఒకటి దాచుకున్నాను, మా డిపార్టుమెంటులో ఎవరికైనా ప్రమోషను ఇవ్వవలసి వస్తే చూపించడానికి.

చలి మొదలైంది. శిమిలిగూడ దగ్గర కొండ వాలంతా వలిసె పువ్వు. పసుపు ముద్దలు ఆరబోసినట్టుంది. మా వైపు నువ్వుల నూనె ఎలాగో వీళ్ళకి వలిసె నూనె అలాగ. పెట్టెలో అందరూ అటు చూసి పక్కవాళ్ళతో ఏదో అన్నారు. నేనూ ఏదో అన్నాను గానీ వినడానికి ఎవరూ లేరు. సింహాచలం నిద్రపోయాడు.

అరకులో రెండు మంచాలు

బంగళా వాచ్‌మన్ పైడయ్య రెండు మంచాలు వేసి, రెండు దుప్పట్లు పరిచి ఉంచాడు. ఇద్దరికి రాయించిన గది కదా, వంట కూడా ఇద్దరికే చేశాడు. కొండ కందుల పప్పు, వంకాయ కూర, చారు.

"ఇంకో బాబుగోరు ఎప్పుడొత్తారండి?" అన్నాడు.

రాడు అంటే సరిపోయేది. కానీ ఆ రెండో కంచం ముందు ఆ మాట నోట రాలేదు. "వెనకబండిలో వస్తున్నాడు" అన్నాను. పైడయ్య రెండో కంచం మీద మూత పెట్టాడు. మర్నాడు పొద్దున్న కూడా రెండు టీలు తెచ్చాడు. రెండూ నేనే తాగాను. చుట్టూ కాఫీ తోటలుండగా కాఫీ ఎక్కడా దొరకదేమిటని అడిగితే, "అది కిందికెల్లిపోద్దండి. మావు టీయే తాగుతాం" అన్నాడు.

డుంబ్రిగుడ సంత

మీరెప్పుడైనా డుంబ్రిగుడ సంతకి వెళితే కొండవాళ్ళ మాటల్లో ఎక్కడా 'శేరు' అని వినిపించదు. అల్లం కుప్ప, పసుపు కుప్ప, చీపుళ్ళ కట్ట. ఆ కుప్ప ఎంత అని అడగాలి, అంతే. కొండవాళ్ళు కుప్పలుగా పోసి అమ్ముతారు, కిందినుంచి వచ్చిన వర్తకులు తూచి అమ్ముతారు. ఎవరి కొలత వాళ్ళది. అడ్డాకు దొన్నెలో చోడి అంబలి పోయించుకున్నాను. చోడి అంటే రాగులే. పావలా. పక్కన ఉల్లిపాయ ముక్క ఉచితం. మా ఊళ్ళో ఆ పావలాకి మంచినీళ్ళు కూడా మొహం చిట్లించుకునే ఇస్తారు.

అంబలి సగంలో ఉండగానే నా ముందు వరస కట్టారు.

సింహాచలం చేపల దుకాణం మీద నిలబడి అరుస్తున్నాడు. "రండర్రా! పట్నం కంపౌండరు బాబు! డబ్బుల్దీసుకోడు! బేగి రండి!"

"నేను కంపౌండర్ని కాదు, కంప్యూటర్..." అన్నాను.

"అదే బాబూ, అదే" అన్నాడు వరసలో మొదటివాడు, చొక్కా ఎత్తి వీపు చూపిస్తూ.

ఇంకేం చేస్తాను? నాకు కావలసింది మాటలే. కార్డులు తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. ఒకడికి వీపు సలుపు. ఒకామెకి పన్ను పోటు. ఇంకొకడికి మోకాలు పీకు. ఒక ముసలమ్మకి చెయ్యి జివ్వుమంటుంది, తిమ్మిరి కాదట, తిమ్మిరి వేరట. నేను తిమ్మిరి అని రాస్తే కసిరింది. మందివ్వకుండా రాసుకునే కంపౌండర్ని వాళ్ళు ఎన్నడూ చూడలేదు.

"సూదెయ్యవేటి?" అన్నాడొకడు.

"సూది కింద మరిచిపోయాను."

"ఈ కంపౌండరు ఇంటాడు గానీ ఎయ్యడు" అని ఆయన వెనకవాళ్ళకి చెప్పాడు. అయినా ఎవరూ వరసలోంచి పోలేదు.

అప్పుడు గురుబారి వచ్చింది. గురువారం పుట్టిందట, అందుకని ఆ పేరు. ఏభై దాటిన మనిషి. చుట్ట వెలిగించిన కొన నోటి లోపలికి పెట్టుకుని పీలుస్తోంది. మా వైపు అడ్డపొగ అంటారు. నేనూ చిన్నప్పుడు అలాగే తాగేవాణ్ణని ఒక కోత కోశాను. వెంటనే తన చుట్ట తీసి అలాగే నా చేతికిచ్చింది. వెనక్కి తగ్గితే పరువు పోతుంది. నోట్లో పెట్టుకున్నాను. తరవాత కాసేపు నా నాలుక నా మాట వినలేదు. గురుబారి ఒక చేత్తో కడుపు పట్టుకుని నవ్వింది.

"నవ్వించకు బాబూ. కడుపు తీపు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మా గుంట కనిపించక ఏడాది దాటీసినాది. సుక్రి. మొగుడితో డొంకరాయి డాం పనికెల్లిపోనాది. ఒక్క కబురు నేదు. మొన్నకాణ్ణుంచి కూడు సయించట్లేదు. కడుపు తీపు."

నాకు ఒళ్ళు పులకరించింది. కాళ్ళ తీపుని చక్కెర అన్న యంత్రం మీద పెద్దలు నవ్వారు కదా, ఇదిగో తీపుకి ఇంకో అర్థం. కడుపుతీపి! కన్నతల్లి బెంగ! కంప్యూటరు ఇలాంటిది ఏ జన్మకి పట్టుకోగలదు? మనిషిని కాబట్టి నేను పట్టుకున్నాను. కార్డు మీద రాశాను, 'కడుపు తీపు: బిడ్డ మీద బెంగ. మందు: కబురు.'

మందు కూడా అప్పుడే ఇచ్చేశాను. నేను డొంకరాయి మొహం చూడలేదు. అయినా నోరు ఊరుకోదు కదా.

"సుక్రా? నీలాగే పెదవి పక్కకి తిప్పి నవ్వుతుంది, ఆ అమ్మాయేనా? మొన్న డాం దగ్గర చూశాను. ఎర్ర చీర. నిక్షేపంలా ఉంది. వచ్చే సంతకి వస్తాను, అమ్మకి చెప్పమంది."

"సూసినావా? మా గుంటనా?" గురుబారి నా మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చాలాసేపు వదల్లేదు. నా మోచెయ్యి ఒకరు పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. వెళుతూ వెళుతూ పసుపు కొమ్ములు ఒక గుప్పెడు నా సంచిలో పోసింది.

ఆ పూట బంగళాలో రెండో మంచం మీద కార్డులన్నీ పరుచుకుని కూర్చున్నాను. పరాంకుశం ఉంటే 'సగం కొట్టెయ్' అనేవాడు. లేడు కాబట్టి మొత్తం నేనే నమ్మాను.

గురుబారి ఇల్లు

మర్నాడు సింహాచలం పిప్పళ్ళు కొనడానికి గురుబారి గూడెం వైపే వెళుతుంటే, నేనూ పడ్డాను వెంట. వాగు దాటితే గూడెం. ఎర్రమట్టి గోడలు, చేత్తో మెత్తి నున్నగా చేసిన అరుగులు. మా ఊళ్ళో గచ్చు అరుగులకి ఆ నునుపు రాదు.

గురుబారి మొగుడు బుద్రా గుమ్మం బయట కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"కంపౌండరు బాబూ, నీ మందు పని సెయ్యట్లేదు."

"ఏం మందు?"

"కబురు ఇచ్చినావంట కదా? సంతలో బాగానే నవ్వినాది. ఇంటికొచ్చి ముడుచుకుపోనాది. తాగిన అంబలి కక్కీసినాది."

లోపల గురుబారి మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. నన్ను చూసి నవ్వబోయి, మధ్యలో ఆపేసింది.

"ఎక్కడమ్మా తీపు?" అన్నాను. సంతలో అడగవలసిన ప్రశ్న ఇది. సంతలో అందర్నీ ఎక్కడని అడిగాను. ఈవిణ్ణి అడగలేదు.

"మొదట్న బొడ్డు కాడ. ఇప్పుడిక్కడికి దిగీసినాది." కుడివైపు కింద చెయ్యి వేసింది. నేను వేలు తగిలించేసరికి గోడ వైపు తిరిగిపోయింది.

పరాంకుశం రాసిన ప్రశ్నలన్నీ నా చేత్తోనే చిల్లులు పొడిచాను కాబట్టి నాకు కంఠతా వచ్చు. 'బొడ్డు దగ్గర మొదలై కుడివైపు దిగిందా? అవునంటే ఇంకేమీ అడగకు. మోసుకురా.'

అక్కడే నాకు అర్థమైంది. కొండ మీద తీపంటే తీపే. నొప్పి. కాళ్ళయినా, కడుపయినా. కంప్యూటరు తీపులో పంచదార విన్నది, నేను కన్నపేగు విన్నాను. దాని తప్పుకి జనం నవ్వారు. నా తప్పు ఇదిగో ఇక్కడ ముడుచుకుని పడుకుంది.

"కిందికి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇవాళే. ఆలస్యమైతే మనిషి దక్కదు" అన్నాను బుద్రాతో.

బుద్రా మాట్లాడకముందే లోపల్నుంచి గురుబారి అంది. "నాయ్, నాను రాను. వచ్చే సంతకి గుంట వత్తాది. నువ్వే కదా సెప్పినావు? నాను నేకపోతే ఎవుర్ని సూత్తాది?"

మీకు చెప్పాను కదా, నేను నిజం చెప్తే ఎవరూ నమ్మరని. ఆ గుమ్మంలో కూర్చుని చెప్పాను. "నేను నీ కూతుర్ని చూడలేదమ్మా. డొంకరాయి ఎక్కడుందో కూడా తెలీదు. అబద్ధం చెప్పాను."

గురుబారి కళ్ళు మూసుకునే నవ్వింది. "నన్ను కిందికి తీస్కెల్లడానికి ఇప్పుడు అబద్ధం ఆడతన్నావు. ఎర్ర చీర అన్నావు. పెదవి తిప్పుతాది అన్నావు. సూడకండా ఎలగ తెలుత్తాది?"

బుద్రా నా వైపు చూశాడు, సింహాచలం నా వైపు చూశాడు. ఏం చెయ్యను? నాకున్నది ఒకటే విద్య.

"సరే, దొరికిపోయాను" అన్నాను. "అసలు సంగతి చెప్పనా? సుక్రి సంతకి రావట్లేదు. ఆసుపత్రికే వస్తోంది. అమ్మని అక్కడికి తీసుకురా బాబూ అని నాతో చెప్పింది. నువ్వు భయపడతావని దాచాను."

గురుబారి కళ్ళు తెరిచింది. తరవాత బుద్రాతో వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన పైకప్పులోంచి వాసం ఒకటి లాగాడు, డోలీ కట్టడానికి.

నేను సింహాచలాన్ని పక్కకి పిలిచాను. "డొంకరాయికి నీ సరుకు వెళుతుందా?"

"లారీ ఎల్తాది. అక్కడ ఉప్పు కొట్టు మా బావమరిదిదే. ఏం?"

"సుక్రిని దింపించు. ఎలాగైనా సరే. ఆసుపత్రికి."

సింహాచలం తల గోక్కున్నాడు. "అయితే ఆ గుంటని మీరు నిజంగా సూడనేదా? నాను నమ్మీసినాను కదా బాబూ! ఇప్పుడు మీ అబద్ధాన్ని నిజం సెయ్యడానికి నా లారీ కావాలన్నమాట."

"అవును."

"పందికొక్కులో?"

"అవీ అబద్ధమే."

"అవి మాత్రం నిజమే బాబూ. నాను సూసినాను కదా ఆ కన్నాలు" అని వాగు వైపు పరిగెత్తాడు.

కిందికి

దిగే బండి అందింది. పెట్టెలో జనం మూటలు సర్దుకుని పొడవాటి బల్ల ఖాళీ చేశారు. బుద్రా కాళ్ళ దగ్గర, నేను తల దగ్గర. కొండెక్కినప్పుడు నా పక్కన చేపల బుట్ట ఉన్నట్టే, ఇప్పుడు ఎవరో చిలకడదుంపల మూట పెట్టారు.

సొరంగంలోకి వెళ్ళేసరికి గురుబారి నా చెయ్యి పట్టుకుంది. ఎప్పుడూ రైలెక్కలేదట. చీకటికి భయపడుతోందని జపాను పందికొక్కుల కథ ఎత్తుకున్నాను. వాటి జీతాలు, వాటి సెలవులు, వాటి యూనియను. పెట్టెలో సగం మంది విన్నారు.

"నవ్వించకు బాబూ, నవ్వితే తీపు" అంది. అయినా నేను ఆపలేదు. ఆపితే నాకూ భయమే. కాసేపటికి నవ్వడం మానేసింది. అప్పుడు ఆపాను. తరవాతి సొరంగాలన్నీ ఊరికే కూర్చున్నాను, చేతకాకపోయినా.

ఊరు మాదే, ఆసుపత్రి పేరు మాత్రం రాయను. ఒకప్పుడు పరాంకుశం పనిచేసినదైతే కాదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు కృష్ణా జిల్లా మనిషి, మర్యాదస్తుడు.

"ఏమ్మా, ఏంటి బాధ?" అన్నాడు.

"కడుపు తీపు."

"ఏడాదై కూతురు కనబడనేదు బాబూ" అని బుద్రా పక్కనుంచి అందించాడు.

కుర్రాడి మొహం మెత్తబడింది. నాకు ఆ మొహం తెలుసు. సంతలో నా మొహమూ అలాగే మెత్తబడి ఉంటుంది. "పాపం, బెంగ పెట్టుకుంది. ఒక బలం మందు..." అంటూ కలం తీశాడు.

"తీపంటే నొప్పి!" అని అరిచాను. వరండా అంతా ఇటు తిరిగింది. "వీళ్ళ తీపు కమ్మగా ఉండేది కాదు డాక్టరుగారూ! బొడ్డు దగ్గర మొదలైంది, కుడివైపు దిగింది, వాంతి అయింది, జ్వరం ఉంది. చెయ్యి వేసి చూడండి!"

ఆయన చెయ్యి వేశాడు. గురుబారి కేక పెట్టింది. ఆ తరవాత ఆయన నన్నేమీ అడగలేదు. స్ట్రెచరు రమ్మన్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "మీరు పేషెంటుకి ఏమవుతారు?" అన్నాడు.

"కంపౌండర్ని" అన్నాను.

ఆసుపత్రి వరండా

సమయానికే తెచ్చారన్నారు. అపెండిక్సు ఇంకొంచెం ఉంటే పగిలేదట, కోసి తీసేశారు. గురుబారి బతికింది.

నేను క్లాసులు చెప్పి, సాయంత్రాలు అక్కడికి పోయేవాణ్ణి. బుద్రాకి పట్నం కూడు పడలేదు. పాలిష్ బియ్యం కడుపులో నిలబడదంటాడు. ఆయన్ని నా ఇంటికి తీసుకొచ్చి, చోడిపిండి వెతికి తెచ్చి నా స్టవ్ మీద అంబలి కాచాను. ఒకరోజు ఉండలు కట్టింది, ఒకరోజు జిగురయింది. "ఇది అంబలి కాదు, గోడకి మెత్తొచ్చు" అని బుద్రా తాగాడు. ఇంట్లో రెండు గిన్నెలు కడుక్కోవడం నాకు బాగుంది.

గురుబారి రోజూ ఒకటే అడిగేది. "గుంట ఏదీ?"

"దారిలో ఉంది" అనేవాణ్ణి. డొంకరాయి నుంచి మాత్రం కబురు లేదు. సింహాచలం నుంచీ లేదు. ఒక సాయంత్రం గురుబారి అడగలేదు. ఊరికే నా మొహం చూసి, అటు తిరిగి పడుకుంది. అంతకంటే ఆవిడ కేక పెట్టడమే నయమనిపించింది.

తరవాత ఒక మధ్యాహ్నం, వార్డు గుమ్మంలో చంటిపిల్లని వీపుకి కట్టుకుని ఒక మనిషి నిలబడింది. ఒళ్ళంతా లారీ దుమ్ము. చీర ఆకుపచ్చ. గురుబారి లేవబోయింది. నర్సు కసిరింది. తల్లీ కూతురూ వాళ్ళ భాషలో ఏం చెప్పుకున్నారో నాకు తెలీదు. తెలుసుకోవడానికి కార్డూ తియ్యలేదు. పిల్ల ఏడ్చింది, ముగ్గురూ ఏడ్చారు, బుద్రా కిటికీలోంచి బయటికి చూశాడు.

నేను మెల్లగా జారుకోబోతుంటే గురుబారి పిలిచింది. తెలుగులో, అందరికీ వినబడేలా. "సుక్రీ, ఇడిగో, ఈ బాబే. డొంకరాయిలో నిన్ను సూసినాడు కదా. నీ కబురు నాకు తెచ్చినోడు."

సుక్రి నా వైపు తిరిగింది. జన్మలో నన్ను చూడలేదు. తల్లిని చూసింది, తల్లి కడుపు మీద కట్టు చూసింది, మళ్ళీ నన్ను చూసింది. నేను నేల చూశాను.

"ఈ బాబేనే" అంది సుక్రి, పెదవి ఒక పక్కకి తిప్పి. "డాం కాడ మా పాకకి వచ్చినాడు. ఎండుచేపల కూర ఎట్టినాను. ఉప్పెక్కువైనాదని వంక కూడా ఎట్టినాడు."

గురుబారి విజయగర్వంతో పక్క మంచాలవైపు చూసింది. నిజంగా పెదవి తిప్పుతుందని నాకు అప్పటిదాకా తెలీదు. నేను ఇన్నేళ్ళుగా ఇన్ని అబద్ధాలు చెప్పాను. నా అబద్ధానికి ఇంకొకరు ఉప్పు కలపడం అదే మొదలు.

స్టేషనులో

ఈలోగా పెద్దలు మా పని సంగతి మళ్ళీ చూశారు. కంప్యూటరు ఇప్పుడు తీపు అనగానే 'నోటికా, ఒంటికా?' అని అడుగుతుంది. ఇంకా ఏం సాధించారని అడిగారు. ఒక మనిషి, అన్నాను. అది లెక్కలోకి వస్తుందో రాదో లెక్కలవాళ్ళూ ఇంజనీరింగువాళ్ళూ తేల్చుకోలేక వచ్చే ఏడు చూద్దామన్నారు. పరాంకుశానికి అంతా ఉత్తరం రాశాను. సగమే రాశాను, మిగతా సగం ఎలాగూ కొట్టేస్తాడు కాబట్టి.

గురుబారి వాళ్ళని బండెక్కించడానికి వెళ్ళాను. బుద్రా మూటలు సర్దుతున్నాడు. సుక్రి పిల్లకి పాలిస్తోంది. గురుబారి కిటికీ దగ్గర కూర్చుని చుట్ట తీసి, డాక్టరు వద్దన్న సంగతి నేను గుర్తుచేస్తే మళ్ళీ కొంగులో ముడేసింది. గార్డు ఈల వేశాడు.

"బాబూ" అంది, చువ్వల్లోంచి నా మోచెయ్యి పట్టుకుని. "సంతలో అందర్నీ అడిగినావు. నిన్నెవులూ అడగనేదు. నీకెక్కడ తీపు?"

నేను మాటకి వెతుక్కున్నాను. మాటలు ఏరుకోవడానికే కొండెక్కిన మనిషిని. బండి కదిలింది. ఆవిడ చెయ్యి జారింది.

"నాకేటీ నేదు" అన్నాను, ఆవిడ యాసలోనే.

గురుబారి తల ఊపింది. నా అబద్ధాలన్నీ నమ్మిన మనిషి కదా, దాన్నీ నమ్మింది.